నల్లగొండకు సముద్రం లేదు, ఒడ్డు ఉంది

ఈసారి ఎండలు ముదరకముందే బీచికి పోదామని మొదట అన్నది మెడికల్ షాపు అన్న. నల్లగొండ ఎన్.జి. కాలేజీ గ్రౌండులో తెల్లవారి ఐదున్నరకు కలిసే వాకింగ్ గ్రూపు మాది. పదమూడు మందిమి, సగం మంది రిటైరైనవాళ్ళం. ఏడాదికి రెండుసార్లు ఎక్కడికైనా పోయి నడవాలని ఒప్పందం. సూర్యలంక అన్నారు, చీరాల అన్నారు, ఉప్పుగాలి అన్నారు. లెక్కల టీచర్ని కాబట్టి గ్రూపు లెక్కలు కూడా నా నెత్తినే పడ్డాయి. బండి కిరాయి, రెండు రాత్రుల రూములు, శని ఆదివారాల రేట్లు అన్నీ కూడి చెప్పేసరికి ఉప్పుగాలి మీద మోజు తగ్గింది. అప్పుడు హెడ్మాస్టరు సారు, "సముద్రం దాకా ఎందుకమ్మా, మన జిల్లాలోనే వైజాగ్ ఉంది కదా" అన్నారు.

అందరూ నవ్వారు గానీ ఆయన చెప్పింది నిజమే. నేరేడుగొమ్ము మండలంలో, పెద్దమునిగల్ దగ్గర, నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున వైజాగ్ కాలనీ అని ఒక ఊరుంది. సాగర్ డ్యామ్‌కు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న. ఆ డ్యామ్ కాలంలో విశాఖ వైపు నుంచి చేపలు పట్టే కుటుంబాలు ఇటు వచ్చి, ఈ ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి. కృష్ణ ఇక్కడ నదిలా ఉండదు. అవతలి గట్టు నీలంగా, మసకగా కనిపిస్తుంది. గాలి లేస్తే చిన్న చిన్న అలలు ఒడ్డుకు కొట్టుకుంటాయి. కళ్ళు సగం మూసుకుంటే సముద్రమే.

హోలీకి ముందు శని ఆదివారాలు ఖాయం చేసుకున్నాం.

ముందు మేం తప్పు చేసినచోటు చెప్పి పడేస్తాను. తెల్లవారేసరికి ఒడ్డు మీద ఉండాలని శుక్రవారం సాయంత్రమే బయలుదేరి, దారిలో ఒక పట్టణంలో లాడ్జిలో దిగాం. పేరు రాయను. రూముకు పన్నెండు వందలు. నీళ్ళు రాత్రి తొమ్మిదికి ఆగిపోయాయి, మళ్ళీ మేం వదిలిపోయేదాకా రాలేదు. అడిగితే కౌంటర్లో పిల్లవాడు "మోటర్ కాలింది మేడం" అని ఒక బకెట్టు చేతిలో పెట్టాడు. పదమూడు మందికి ఒక బకెట్టు. కింద ఫంక్షన్ హాల్లో బారాత్, పైన దోమలు. మా ఫ్లోరైడ్ జిల్లావాళ్ళకు నీళ్ళంటే మొదటినుంచీ టెన్షనే కాబట్టి క్యాన్లు వెంట తెచ్చుకున్నాం, బతికిపోయాం. ఆ రాత్రికి పెట్టిన డబ్బు దండగ. ఇప్పుడైతే ఏం చెబుతానంటే, నల్లగొండలో తెల్లవారుజామున మూడున్నరకు లేచి బండెక్కితే చాలు. కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా వెలుగు వచ్చేసరికి ఒడ్డుకు చేరతాం. బండిలో ఎట్లాగూ నిద్రే.

దేవరకొండలో ఖిల్లా ఎక్కాలని ఇద్దరికి ఆశ. పద్మనాయక రాజులు కట్టిన కోట, చుట్టూ కొండలు, చూడదగ్గదే. కానీ నాలుగున్నరకు ఏం కనిపిస్తుంది? చీకట్లో కొండ నల్లగా ఉంది, అంతే. ఎక్కువ రాయను. పెట్రోలు, ఏటీఎం, మందుల షాపు, ఏది కావాలన్నా దేవరకొండలోనే చూసుకోండి. అది దాటాక పల్లెటూళ్ళు, సర్కారు తుమ్మ, అక్కడక్కడా మోదుగ. ఆకు రాలిపోయిన కొమ్మల మీద నిప్పు రవ్వలు పోసినట్టు మోదుగపూలు. హోలీ రంగు చేసుకోవడానికి కండక్టరు మామ ఒక చోట బండి ఆపించి సంచెడు ఏరాడు. ఆ సంచి బండిలోనే మరిచిపోయి, తర్వాత వాసన వస్తుందని డ్రైవర్ గొడవ పెట్టుకున్నాడు. అది వేరే కథ.

కాలనీలో మాకు వంట ఒప్పుకున్న పెద్దమ్మ రోడ్డు మీదే నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, చెవులకు బరువైన కమ్మలు, ముక్కుకు రెండు వైపులా పుడకలు. మాట సగం మాది, సగం శ్రీకాకుళం వైపుది. "ఇంతమంది ఆడోళ్ళు నడవనీకి వచ్చినారా? ఏటి, ఇంట్ల జాగా లేదా?" అని పలకరించింది. ఆమె పుట్టింది ఇక్కడే. వాళ్ళ నాయన వలలు మూటగట్టుకుని వచ్చాడట. మీరు సముద్రం చూశారా అని అడిగితే, "ఒక్కపాలి. మా సెల్లెలి పెళ్ళికి ఎల్లినప్పుడు. భయమేసినాది. అవతలి ఒడ్డు లేదు కదమ్మా" అంది.

మేం నడిచింది ఊళ్ళ వైపు ఒడ్డు వెంటనే, పోను రాను కలిపి ఏడు కిలోమీటర్లు ఉంటుందేమో. అంతకు మించి పోవద్దని ముందే అనుకున్నాం. ఈ నీళ్ళకు రెండు పక్కలా పులుల అభయారణ్యం ఉంది. ఇటు అమ్రాబాద్, అటు ఆంధ్రలోని నాగార్జునసాగర్-శ్రీశైలం. కంబాలపల్లి అడవి కూడా ఇటే. ఫారెస్టు వాళ్ళ అనుమతి లేకుండా లోపల కాలు పెట్టడం తప్పు, పైగా ఎలుగుబంట్లున్న అడవిలో పదమూడు మంది ముసలీ ముతకా గుంపు ఏం చేయాలి? ఒడ్డే మాకు చాలు. ఒడ్డే ఎక్కువైంది కూడా.

సాగర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. ఫాల్గుణం వచ్చేసరికి నీళ్ళు దిగిపోతూ ఉంటాయి. దిగిన చోటల్లా ఒక కొత్త నేల బయటపడుతుంది. పైన లొట్టపీసు చెట్లు, కింద పలకలు పలకలుగా విరిగిన రాయి, ఇంకా కిందికి నెరెలు తీసిన బురద, చివర నీళ్ళు. నిరుడు మునిగిన చెట్ల మొద్దులు అక్కడక్కడా నల్లగా నిలబడి ఉంటాయి. ప్రతి మొద్దు మీదా ఒక నీటికాకి, రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ. ఈ నేల ఏడాదికి నాలుగైదు నెలలే ఉంటుంది. వానాకాలం వరద రాగానే మళ్ళీ నీళ్ళ కిందికి పోతుంది. అందుకే ఇక్కడ పిట్టలకూ, గేదెలకూ, మనుషులకూ అందరికీ తొందరే.

బురద మీద అచ్చులు చూడటం హెడ్మాస్టరు సారు మాకు నేర్పిన విద్య. గేదె గిట్టలు అందరికీ తెలుసు. అడవిపంది గిట్ట వెనుక రెండు చిన్న చుక్కలు పడతాయి. నెమలి అడుగు బాణం గుర్తులా ఉంటుంది. ఒక చోట అయిదు వేళ్ళతో, వేళ్ళ మధ్య చర్మం ఉన్నట్టు, గుండ్రంగా ఒక అడుగు. దాని పక్కనే రాయి మీద పొలుసులూ ముళ్ళూ కలిసిన పెంట, కుళ్ళిన చేప వాసన. సారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "నీటికుక్క" అన్నారు మెల్లగా. మెడికల్ షాపు అన్న ఒప్పుకోలేదు. "ఊరకుక్క చేప తిని ఉంటది సార్." ఆ పంచాయితీ మరుసటి రోజు దాకా నడిచింది.

ఇంకాస్త దూరం పోయాక, ముందు నడుస్తున్న కండక్టరు మామ ఉన్నట్టుండి ఆగి, బస్సులో దిగేవాళ్ళను ఆపినట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పటికే రెండు తీతువు పిట్టలు నెత్తి మీద గోల గోలగా తిరుగుతున్నాయి. ఒకటి నా కొంగుకు తగిలేంత కిందికి దూకింది. రెండోది కొంచెం దూరంలో రెక్క విరిగినట్టు కుంటుతూ మమ్మల్ని అటు రమ్మని ఆశ పెడుతోంది. మామ కాలి ముందు మూరెడు దూరంలో గులకరాళ్ళు. అవి రాళ్ళేనని నాకు ఒక నిమిషం అనిపించింది. తర్వాత కనిపించాయి: నాలుగు గుడ్లు, మొనలు లోపలికి పెట్టుకుని, నాలుగు రేకుల పువ్వులా. మట్టిరంగు మీద సిరా విదిలించినట్టు నల్ల మచ్చలు. గూడు అనేదేమీ లేదు. అరచేయంత గుంట, చుట్టూ ఏరిన గులకరాళ్ళు, నాలుగు ఎండిన మేక పెంటికలు. అంతే ఇల్లు. ఆ మేక పెంటికలు చూసి నాకెందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడి చెప్పలేదు.

తీతువు అరిస్తే మా అమ్మమ్మ పొయ్యిలో చిటికెడు ఉప్పు వేసేది, చావుకబురు వస్తుందని. ఆకాశం మీద పడుతుందేమోనని ఆ పిట్ట రాత్రిపూట కాళ్ళు పైకెత్తి పడుకుంటుందనీ ఆమే చెప్పేది. ఇంత అపకీర్తి మోస్తున్న పిట్ట ఎండలో, రాళ్ళ మీద, గేదెలు తిరిగే చోట గుడ్లు పెట్టి కూర్చుంటుంది. నీళ్ళు అక్కడికి పది పన్నెండు అడుగుల దూరంలో ఉన్నాయి. హెడ్మాస్టరు సారుకు అదే బెంగ. ఎగువన శ్రీశైలం డ్యామ్‌లో నీళ్ళు వదిలి కరెంటు తీస్తే ఆ నీళ్ళన్నీ సాగర్‌లోకే వస్తాయి, ఒడ్డు ఒక రాత్రిలో పైకి జరుగుతుంది. గుడ్ల చుట్టూ రాళ్ళు పేర్చి గుర్తు పెడదామని ఎవరో అన్నారు. వద్దన్నారు సారు. గుర్తు మనకే కాదు, కాకికీ కుక్కకూ కూడా తెలుస్తుంది. ఒక్క ఫోటో తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగి, పైనుంచి చుట్టుకుని పోయాం. ఫోటోలో గుడ్లు ఎక్కడున్నాయో ఇప్పటికీ ఇంట్లో ఎవరూ కనిపెట్టలేకపోతున్నారు.

ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంది. ఇక్కడ నడవాలంటే ఐదున్నర నుంచి తొమ్మిదిలోపే. తర్వాత నీడ ఉండదు, లొట్టపీసు నీడ నీడా? టోపీ, మడమ కప్పే బూట్లు తప్పనిసరి. ఎందుకంటే ఒడ్డంతా పగిలిన సీసాలు. దీని గురించి తర్వాత చెబుతాను.

తిండి గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. పెద్దమ్మ పొద్దున వలలో పడ్డ బొచ్చె చేపను మా ముందే కోసింది. ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి, నూనెలో కాదు, పెనం మీద కొంచెం నూనెతో నిదానంగా కాల్చింది. పైన పెళుసు, లోపల మెత్తన. చింతపండు పులుసులో ఆమె బెల్లం వెయ్యదు. వేస్తారా అని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది. జొన్నరొట్టెలు ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకుందట, చేపల పులుసు అమ్మ దగ్గర. ఆ రెండూ కలిసిన పళ్ళెం ఇంకెక్కడా దొరకదు. తలకు రెండు వందల యాభై తీసుకుంది, తిన్నంత పెట్టింది. ఒక్కటే ఇబ్బంది. మాలో శనివారం నీసు ముట్టనివాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళకు పప్పుచారు చేసింది గానీ అదే గరిటె. ముగ్గురూ అరటిపళ్ళు తిని, ఆదివారం ఎప్పుడవుతుందా అని చూశారు. శాకాహారులు వెళ్ళేటట్టయితే ముందురోజే ఫోన్‌లో గట్టిగా చెప్పుకోవాలి, లేదా సొంత గిన్నె తీసుకుపోవాలి.

సాయంత్రం పడవ. మోటరు బోటు తలకు రెండు వందలు. మేం పదమూడు మందిమి, లైఫ్ జాకెట్లు ఎనిమిది. "ఏం కాదు మేడం, ఈడ లోతు లేదు" అన్నాడు బోటు నడిపే అబ్బాయి. లోతు లేకపోతే డ్యామ్ ఎందుకు కట్టారు నాయనా? రెండు విడతలుగా పోతామని పట్టుబట్టాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. ఎవరు వెళ్ళినా ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. జాకెట్టు లేకపోతే ఎక్కొద్దు. స్నానానికని నీళ్ళలో దిగడం కూడా వద్దు. కింద మొద్దులు, మోకాలిలోతు బురద. మొసలి సంగతి సరే సరి. ఒక దాన్ని మేం చూశాం కూడా. దూరంగా దుంగ అనుకున్నది నోరు తెరిచింది, ఆరేడు అడుగులుంటుంది. బోటు చప్పుడుకు జారి నీళ్ళలో కలిసిపోయింది. ముగ్గురు మాత్రమే చూశారు, మిగతావాళ్ళు నమ్మినట్టు తలూపారు.

ఆ బోటులోనే నా మనసు విరిగింది. నీళ్ళ మధ్యలో ఒక మిట్ట బయటపడి ఉంది, దాని నిండా తెల్లటి పిట్టలు. రివర్ టర్న్ అంటారట. నల్ల టోపీ పెట్టుకున్నట్టు తల, పండు పసుపు ముక్కు, కత్తెరలా చీలిన తోక. ఎండాకాలం మొదట్లో ఇట్లాంటి మిట్టల మీదే గుడ్లు పెడతాయి. మాకు బాగా కనపడాలని బోటు అబ్బాయి స్పీకర్లో పాట పెంచి, మిట్ట చుట్టూ రెండు చుట్లు తిప్పాడు. పిట్టలన్నీ ఒక్కసారి లేచి నెత్తిన గగ్గోలు. బోటులో కొందరు చప్పట్లు కూడా కొట్టారు, మావాళ్ళే. హెడ్మాస్టరు సారు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో వాడిన గొంతు అప్పుడు వాడారు. "ఆపు!" పాట ఆగింది, మోటరు కూడా ఆగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిట్టలు ఒకటొకటే కిందికి దిగడం మొదలుపెట్టాయి. ఆ అబ్బాయిని తిట్టి లాభం లేదు. వాడికి ఎవరూ చెప్పలేదు. వచ్చినవాళ్ళు అడిగేది అదే, వాడు అమ్ముతున్నదీ అదే. దిగేటప్పుడు సారు వాడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పారు, వాడు తల గోక్కున్నాడు.

రాత్రి బస టెంట్లలో. ఇద్దరికి ఒక టెంటు, తలకు ఎనిమిది వందలు, అందులోనే రాత్రి భోజనం, పొద్దున ఉప్మా. పరుపులు శుభ్రంగా ఉన్నాయి, దుప్పట్లు ఉతికినవి. లాడ్జి తర్వాత ఇది స్వర్గం. నీళ్ళ మీది నుంచి గాలి రాత్రంతా టెంటు గుడ్డను కొడుతూనే ఉంది, ఫ్యాను గుర్తు రాలేదు. కానీ ఆడవాళ్ళకు బాత్రూమ్ ఒక్కటే, అదీ చీకట్లో వంద అడుగుల దూరంలో. టార్చి పట్టుకుని ముగ్గురు ముగ్గురుగా పోవాల్సి వచ్చింది. ఆ దారిలో రెండు లైట్లు పెట్టమని నడిపేవాళ్ళకు చెప్పి వచ్చాను. పెడతామన్నారు.

అసలు బాధ పక్క గుంపుతో. పట్నం నుంచి మూడు కార్లలో వచ్చారు. రాత్రి ఒంటిగంట దాకా డీజే పాటలు, సీసాలు రాళ్ళకేసి కొట్టడం. మెడికల్ షాపు అన్న పోయి మర్యాదగానే అడిగాడు. "అంకుల్, ఎంజాయ్ చేయనీకే వచ్చినం కదా" అన్నారు. వాళ్ళు కూడా డబ్బు కట్టే వచ్చారు, నిజమే. పొద్దున వాళ్ళు లేవకముందే మా ఆడవాళ్ళం నలుగురం గాజు పెంకులు ఏరితే ఒక సిమెంటు బస్తా సగం నిండింది. పెద్దమ్మ మనవడు చెప్పులు లేకుండా ఆ ఒడ్డు మీదే ఆడుకుంటాడు.

ఆదివారం పొద్దున మోటరు బోటు ముట్టలేదు. పెద్దమ్మ కొడుకు వల తీయడానికి పోతూ, నాటు పడవలో ముగ్గురిని ఎక్కించుకుంటానన్నాడు. తెడ్డు పడవ, చప్పుడు లేదు. మిగతావాళ్ళు ఒడ్డు వెంట నడుస్తూ వచ్చారు. పడవలో నేను, సారు, మెడికల్ షాపు అన్న. కొట్టుకుపోయిన గట్టు గోడలో బొక్కలు, వాటిలోంచి నలుపు తెలుపు లకుముకి పిట్టలు దూసుకొస్తున్నాయి. ఒకటి మాకు ఇరవై అడుగుల దూరంలో గాలిలో నిలబడింది. నిలబడిందంటే నిజంగానే. రెక్కలు ఆడుతున్నాయి, తల మాత్రం మేకు కొట్టినట్టు కదల్లేదు. చూపు కిందికి. తర్వాత రాయి పడ్డట్టు నీళ్ళలో పడి, వేలంత చేపతో లేచి, మొద్దుకు రెండుసార్లు బాది మింగింది.

ఆరుంపావు అయి ఉంటుంది. పెద్దమ్మ కొడుకు తెడ్డు ఆపి, గడ్డంతో చూపించాడు. నీళ్ళలో నల్లటి కుండలు బోర్లించినట్టు నాలుగు తలలు, కాదు, ఐదు. అవి మమ్మల్ని చూశాయి. ఒకటి మెడ పైకెత్తి బుస్సుమని ఊదింది. మిగతావి పట్టించుకోలేదు. పెద్దది ఒడ్డు రాయి మీదికి ఎక్కింది. తడిసిన ఒళ్ళు నూనె రాసినట్టు మెరుస్తోంది, తోక బెల్టులా చదునుగా ఉంది. రెండు ముందు చేతుల్లో చేపను నిలబెట్టి పట్టుకుని, తలకాయ దగ్గర మొదలుపెట్టింది. చెరకుగడ నమిలినట్టు కరకర, కరకర. ఆ చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది. చిన్నవి రెండు వచ్చి తోక ముక్క కోసం కీచుకీచుమని కొట్లాడుకున్నాయి. నేను ఊపిరి బిగబట్టాను. అన్న నా చెవిలో, "ముంగిసలు గిట్ల ఈదుతయా?" అన్నాడు. సారు ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

మాకు పండగే గానీ పెద్దమ్మ కొడుక్కు కాదు. "మీకు ముద్దుగా ఉంటాయి సారూ. మా వల చింపి చేపంతా తినేస్తాయి. ఒక్క రాత్రి రెండు వేల వల పోయింది." మరి ఏం చేస్తావని అడిగితే, "ఏం చేస్తాం, అవీ బతకాల. వల ఆ పక్క వేయడం మానేసినా" అన్నాడు. చూపించినందుకు డబ్బు అడగలేదు. బోటుకు తలా ఇచ్చిన రెండు వందలే ఇతనికీ ఇచ్చాం, మొదట తీసుకోలేదు, తర్వాత వల కోసం అన్నాక తీసుకున్నాడు. ఈ రెండు రోజుల్లో పెట్టిన ఖర్చులో ఇది ఒక్కటే నాకు తక్కువ ఇచ్చామనిపించింది.

సారు నోటు పుస్తకంలో పిట్టల లెక్క నలభై మూడు. అందులో కొన్ని నాకు గుర్తున్నాయి: ఎర్రటి ఇటుక రంగు బాపన బాతులు ఏడు, ఉత్తరానికి పోవడానికి మూట కట్టుకుంటున్నట్టు ఒకే చోట చేరి ఉన్నాయి. నత్తగుల్ల కొంగలు, గరుడ పక్షి, కరెంటు తీగ మీద పాలపిట్ట. దసరా రోజు దానికోసం ఊరంతా తిరుగుతాం, ఇక్కడ తీగకు ఒకటి చొప్పున కూర్చుని ఉన్నాయి.

మధ్యాహ్నం తిరుగు దారిలో సాగర్ పోదామని ఓటింగులో నెగ్గింది. నాకు ఇష్టం లేదు, అయినా పోయాం. నాగార్జునకొండ లాంచీ ఎక్కే టైమ్ లేదు. అది ఎక్కాలంటే పూట కేటాయించాలి, పైగా కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని బయలుదేరాలి. బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు చూశాం, 274 ఎకరాలు, 2022లో తెరిచారు. అమరావతి స్తూపాన్ని తలపించేలా కట్టిన మహాస్తూపం బాగుంది. కానీ ఒంటిగంట ఎండలో చెప్పులు విడిచి రాళ్ళ మీద నడవడం అంటే నిప్పుల గుండమే. సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోవాల్సిన చోటు. హిల్ కాలనీలో ఒక హోటల్లో భోజనం చేశాం, కిటికీలోంచి నీళ్ళు కనిపించాయి, సాంబారు చల్లగా ఉంది. గదులు కూడా చూశాను, బాగున్నాయి, ముసలివాళ్ళతో, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు వైజాగ్ కాలనీ టెంట్ల కంటే ఇట్లాంటి చోట దిగడమే నయం. అయితే ఇక్కడి నుంచి ఒడ్డు నడక అంత తేలిక కాదు. గోడ అవతల నీళ్ళను చూడటం వేరు, బురదలో అడుగు పెట్టి చూడటం వేరు.

లెక్క చెప్పాలి కదా. టెంపో డీజిల్‌తో సహా, లాడ్జి, టెంటు, తిండి, పడవలు, టీలు, అన్నీ కలిపి తలకు మూడు వేల రెండు వందలు పడింది. అందులో లాడ్జిది తీసేస్తే ఇంకా తక్కువకే అయ్యేది. టెంపో ఏసీ పోయేటప్పుడు పని చేసింది, వచ్చేటప్పుడు చేయలేదు, డ్రైవర్ అద్దాలు దించుకోమన్నాడు. మిగిలిన నాలుగు వందల ఎనభై రూపాయలకు ఏం చేయాలో మల్లేపల్లి చౌరస్తాలో టీ తాగుతూ గంటసేపు కొట్లాడుకున్నాం. చివరికి పెద్దమ్మకు ఫోన్ చేసి, ఆ గుడ్ల చోటు ఆనవాలు చెప్పి, గేదెల పిల్లగాళ్ళను అటు పోనియ్యకుండా చూడమని, వాళ్ళకు బిస్కెట్లు కొనిపెట్టమని ఫోన్‌పేలో పంపాం. "పిట్ట గుడ్లకు పైసలు పంపేటోళ్ళను ఇప్పుడే సూసినా" అని నవ్వింది.

ఉగాది రోజు పచ్చడిలోకి వేపపువ్వు దులుపుతుంటే ఆమె నుంచి ఫోన్. "టీచరమ్మా, పైన కరెంటు తీసినట్టున్నారు, మొన్న రాత్రి నీళ్ళు జానెడు పెరిగినాయి." నా గుండె జారింది. "గుడ్ల కాడిదాకా రాలేదులే. ఒకటి పాము తినింది. ఒకటి మురిగిపోయినాది. రెండు పిల్లలైనాయి. పొద్దున సూసినా, ఇంత ఉన్నాయి, కాళ్ళే పొడుగు. దగ్గరికెల్తే రాళ్ళలో రాళ్ళయి కూసున్నాయి." సారుకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తేదీ అడిగి, నోటు పుస్తకం తెచ్చుకోవడానికి లోపలికి పోయారు.